బోయజు పొలంలో ఫోర్‌మన్

వాక్యభాగం: రూతు 2:1–19



ఈ నెల వర్తమానం ముఖ్యంగా దుఖాన్‌లో పనిచేసే మన వారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండి ఈ పత్రిక చదివేవారికి దుఖాన్ పేరు కొత్త కావచ్చు. ఖతర్ దేశానికి పడమటి తీరాన, దోహా నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చమురు పట్టణం అది. అరబీలో ఆ మాటకు పొగ అని అర్థం. ఖతర్‌లో మొట్టమొదట చమురు పడింది అక్కడే, 1939-40 ప్రాంతంలో. యుద్ధం వల్ల పని ఆగింది, మళ్ళీ మొదలైంది, 1949 చివరిలో తూర్పు తీరాన ఉన్న ఉమ్ సయీద్ రేవు నుండి మొదటి ఎగుమతి జరిగింది. ఆ రేవునే ఇప్పుడు మెసాయీద్ అంటున్నాం. ఎడారి అడుగున చమురు ఉంచింది దేవుడు. దాన్ని పైకి తీయడానికి చేతులు మాత్రం ఎన్నో దేశాల నుండి రావలసి వచ్చింది. వాటిలో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ చేతులున్నాయి, కోనసీమ చేతులున్నాయి, కడప చేతులున్నాయి.

శుక్రవారం ఆరాధన కోసం మన వాళ్ళు దుఖాన్ రోడ్డు పట్టుకుని దోహా దాకా వస్తారు. మెసైమీర్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, 2008లో మొదటి చర్చి తెరిచిన నాటి నుండి, అన్ని సంఘాలవారికీ ఆరాధించుకునే అవకాశం దొరికింది. దేవునికి స్తోత్రం. పాటలు పాడతాం, వాక్యం వింటాం, ఒకరినొకరు ‘బ్రదర్’ అని, ‘సిస్టర్’ అని, ‘అన్నా’ అని పిలుచుకుంటాం. కాంట్రాక్టు పనుల్లో ఉన్న చాలామందికి మర్నాడు శనివారమే వారం మొదలు. తెల్లవారుజామున బస్సు ఎక్కుతారు.

నేను అడగదలచిన ప్రశ్న ఆ బస్సు దగ్గరే ఉంది. శుక్రవారం ‘అన్నా’ అన్న నోరు శనివారం సైట్‌లో హెల్పర్‌ని ఏమని పిలుస్తోంది?

మన సంఘాల్లో ఈ సంగతి ఎక్కువ మాట్లాడం. ఉద్యోగం దొరకాలని ప్రార్థిస్తాం, వీసా రావాలని ప్రార్థిస్తాం, ప్రమోషన్ వస్తే సాక్ష్యం చెప్తాం. చార్జ్‌హ్యాండ్ అయ్యాను, ఫోర్‌మన్ అయ్యాను, సూపర్‌వైజర్ అయ్యాను, నా కింద ముప్పైమంది పనిచేస్తున్నారు అని చెప్పినప్పుడు సంఘమంతా ఆమేన్ అంటుంది. ఆ ముప్పైమంది ఆమేన్ అంటారా లేదా అని మనం అడగం.

ఇక రూతు గ్రంథం రెండవ అధ్యాయానికి వద్దాం. ఈ అధ్యాయం మీద వర్తమానం అంటే సాధారణంగా బోయజు గురించి, మన బంధువైన విమోచకుడైన క్రీస్తుకు అతను ఛాయగా ఉండటం గురించి వింటాం. అది సత్యమే. అయితే ఇదే అధ్యాయం ఒక పని స్థలం గురించి కూడా. కోత కాలం, ఎండ, కూలీలు, వారి మీద ఒక అధికారి, నీళ్ళ కుండలు, మధ్యాహ్న భోజనం, పొరుగు దేశం నుండి వచ్చిన ఒక విధవరాలు, అన్నీ ఇందులో ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ అధ్యాయం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాలుగవ వచనంలో బోయజు బేత్లెహేము నుండి వచ్చి కోతవారిని పలకరిస్తాడు. యెహోవా మీకు తోడుగా ఉండాలని అతను అంటే, యెహోవా నిన్ను ఆశీర్వదించాలని వారు బదులిస్తారు. యజమాని ముందుగా పలకరించాడు, కూలీలు బదులు చెప్పారు. కూలీలు లేచి నిలబడి దండం పెట్టేదాకా అతను ఎదురుచూడలేదు. పని ఎంతవరకు వచ్చింది అన్నది అతని మొదటి మాట కాదు. న్యాయాధిపతుల కాలంలో, ప్రతివాడూ తనకు తోచినట్టు చేసిన ఆ రోజుల్లో, ఒక పొలంలో ఇలాంటి పలకరింపు జరిగిందంటే అది ఒక్కరోజులో ఏర్పడిన అలవాటు కాదు. కూలీలు తడుముకోకుండా బదులు చెప్పారంటే రోజూ విన్న మాటే అయి ఉంటుంది.

కాని నేను ఎక్కువసేపు ఆగదలచింది బోయజు దగ్గర కాదు. అయిదవ వచనంలో అతను ఒకణ్ణి ప్రశ్న అడుగుతాడు. ఎవరిని? కోతవారి మీద ఉంచబడిన పనివాణ్ణి. ఇతనికి పేరు లేదు. ఇతనే ఆ పొలంలో ఫోర్‌మన్. పొలం ఇతనిది కాదు, పంట ఇతనిది కాదు, జీతం పెంచే అధికారం లేదు. పైన యజమాని, కింద కూలీలు, మధ్యలో ఇతను. మనలో చాలామంది ఉన్నది సరిగ్గా ఇక్కడే.

ఆ స్త్రీ ఎవరిది అని బోయజు అడిగినప్పుడు ఇతను ఏం చెప్పాడో చూడండి. మోయాబు దేశం నుండి నయోమితో కూడా వచ్చినదని చెప్పాడు. అక్కడితో ఆపితే అది ఐడీ కార్డు వివరం మాత్రమే. ఇతను ఆపలేదు. ఆమె అనుమతి అడిగి పనిలోకి దిగిందన్నాడు. పొద్దున్నుంచి ఇప్పటిదాకా నిలబడే ఉందన్నాడు. కాసేపు మాత్రమే నీడలో కూర్చుందన్నాడు.

ఈ సంగతులు ఇతనికి ఎలా తెలిశాయి? చూశాడు కాబట్టి. లెక్కలోకి రాని మనిషిని, కూలీ పట్టికలో పేరు లేని మనిషిని, మోయాబు స్త్రీని, ఇతను పొద్దుటినుంచి చూస్తూ ఉన్నాడు. తప్పు పట్టడానికి చూసే చూపు ఒకటుంది. అది మనకు బాగా వచ్చు. ఇతనిది ఆ చూపు కాదు. ఆమె ఎంతసేపు కూర్చుంది అన్నది కూడా గమనించాడు, కాని దాన్ని బద్ధకం ఖాతాలో రాయలేదు, కష్టం ఖాతాలో రాశాడు. ఇతను వేరేలా చెప్పి ఉంటే? ‘ఎవరో మోయాబుది సార్, అడక్కుండా వచ్చింది, పంపించేస్తాను’ అని ఉంటే? బోయజు మంచివాడే, అయినా ఆ పూట ఆమె సంగతి అతనికి తెలిసింది ఫోర్‌మన్ నోటి నుండే. రూతు కుటుంబంలో దావీదు పుట్టాడు, దావీదు వంశంలో మన ప్రభువు పుట్టాడు. ఆ వరసలో పేరు లేని ఈ ఫోర్‌మన్ నివేదిక ఒకటుంది.

సూపర్‌వైజర్లుగా ఉన్న నా ప్రియులారా, మీ కింద ఉన్నవారి గురించి మీరు పైకి ఏం చెప్తున్నారు? రెన్యువల్ సమయంలో ఒక మాట, ఓవర్‌టైమ్ షీటులో ఒక అంకె, ‘ఈ కుర్రాడు పర్వాలేదు సార్’ అనే ఒక ముక్క, వీటి మీద ఊళ్ళో ఒక కుటుంబం రెండేళ్ళ బతుకు ఆధారపడి ఉంటుంది. మీకు యజమాని అధికారం లేదని నాకు తెలుసు. నివేదిక ఇచ్చే అధికారం ఉంది. అది చిన్నది కాదు.

ఇలాంటి పొలం బేత్లెహేములో మాత్రమే ఉందనుకోవద్దు. మన తెలుగు సంఘం పుట్టుకలోనే ఒకటుంది. మనలో బాప్టిస్టు కుటుంబాల నుండి వచ్చినవారు జాన్ క్లౌ దొరగారి పేరు, 1878 జూలై 3 తేదీ, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి తాతముత్తాతల నుండి వింటూనే ఉన్నారు. అంతకు ముందు ఏం జరిగిందో చాలామంది చెప్పరు. 1876-78 మధ్య మహా కరువు. ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలితో రాలిపోతున్నారు. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. ఆ పనికి వెళ్ళిన మాదిగ విశ్వాసులకు అక్కడి పైవాళ్ళ చేతుల్లో తిట్లు, దెబ్బలు, కూలీలో మోసం ఎదురయ్యాయి. పని దొరకడం ఒక సంగతి, ఆ పనిలో మనిషిగా బతకడం ఇంకో సంగతి.

క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. అతను ఆ కాలువలో మూడు, నాలుగు మైళ్ళ తవ్వకాన్ని తానే కాంట్రాక్టుగా తీసుకున్నాడు. పైవాళ్ళుగా ఎవరిని పెట్టాడు? తన బోధకులను. వాళ్ళూ ఆ పల్లెల మనుషులే, ఆ కులం మనుషులే. కొలతలు చూసుకున్నారు, లెక్క రాసుకున్నారు, కూలీలు అలసి కూర్చున్నప్పుడు వాళ్ళతో పాటు కూర్చున్నారు. ప్రయాసపడి భారము మోసేవారిని తన దగ్గరకు పిలిచి విశ్రాంతి ఇస్తానన్న ప్రభువు పిలుపే, అంటే మత్తయి 11:28 మాటే, ఆ కాలువ గట్టు మీద ఎక్కువగా వినిపించిందట. తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పడానికీ, తట్ట ఎత్తమని కొట్టిన చేత్తో ఆ మాట చెప్పడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. కరువు సాగినంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూలి డబ్బుల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని ముగిశాక వాళ్ళు తమంతట తామే వచ్చారు.

వంద పండుగల్లో ఆ 2,222 అంకె చెప్పుకుని మురిసిపోతాం. నాకు మాత్రం ఆ అంకె కంటే ఆ పైవాళ్ళ మీదే మనసు పోతుంది. సువార్త వాళ్ళ నోటి నుండి రావడానికి ముందు వాళ్ళ అజమాయిషీలో కనబడింది.

ఇప్పుడు మళ్ళీ ఎడారికి వద్దాం. తొమ్మిదవ వచనంలో బోయజు రూతుతో, దాహమైతే కుండల దగ్గరకు వెళ్ళి పనివారు చేదిన నీళ్ళు తాగమని చెప్తాడు. ఆ కాలంలో నీళ్ళు చేదేది స్త్రీలు. ఆదికాండము 24లో రిబ్కా చేదింది. ఇక్కడ పురుషులు చేదిన నీళ్ళు ఒక పరదేశి స్త్రీ తాగాలి. ఎవరి నీళ్ళు ఎవరు తాగాలి అన్న విషయంలో మన దేశం చరిత్ర ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

దుఖాన్ ఎండ తెలిసినవారికి ఈ వచనం అలంకారం కాదు. ఖతర్‌లో 2021 నుండి ఉన్న నిబంధన ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు, ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. వేడి, తేమ, ఎండ, గాలి అన్నిటినీ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. మంచి చట్టం, దేవునికి కృతజ్ఞతలు. కాని చట్టం 10 గంటలకు వస్తుంది. తొమ్మిదింపావుకి ఒక కుర్రాడికి కళ్ళు తిరుగుతాయి. ఊరి నుండి వచ్చి నెల కూడా కాలేదు, ఒంటికి ఈ వేడి ఇంకా అలవాటు కాలేదు, ఏజెంటుకు కట్టిన అప్పు ఇంట్లో వడ్డీ మీద నడుస్తోంది. అతను నోరు తెరిచి ‘నాకు బాగాలేదు’ అంటాడా? అది అతని ధైర్యం మీద ఆధారపడదు. ఎదురుగా ఉన్న ఫోర్‌మన్ ముఖం మీద ఆధారపడుతుంది. గతవారం ఇంకొకడు అలాగే అన్నప్పుడు ఫోర్‌మన్ అందరిముందూ ‘నాటకాలు ఆడకు’ అని ఉంటే, ఈ కుర్రాడు చెప్పడు. పడిపోయేదాకా చెప్పడు.

ప్రేమగల పని స్థలం అంటే బర్త్‌డే కేకు, గోడ మీద పోస్టరు అని చాలామంది అనుకుంటారు. కేకు మంచిదే, వద్దనడం లేదు. కాని చమురు, గ్యాస్ పనిలో ప్రేమ అంటే ముందుగా భయం లేకపోవడం. పరంజా బోల్టు వదులుగా ఉంది అని చెప్పడానికి భయం ఉండకూడదు. గ్యాస్ టెస్ట్ కాలేదు, నేను లోపలికి దిగను అనడానికి భయం ఉండకూడదు. నాకు ఈ పని సరిగా అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి అనడానికి భయం ఉండకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సంగతి తెలిసినవారికి తెలుసు. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. అక్కడ మౌనంగా ఉన్న మనిషి అణకువగల మనిషి కాదు, ప్రమాదంలో ఉన్న మనిషి. అతన్ని మౌనంగా చేసింది ఎవరు?

ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కడితే డాబాకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పైనుండి పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదకు వస్తుందని దేవుడు చెప్పాడు. పడ్డవాడు జాగ్రత్తగా ఉండాల్సింది అని దేవుడు అనలేదు. కట్టినవాణ్ణి అడిగాడు. బలుల గురించి, పండుగల గురించి చెప్పిన దేవుడే పిట్టగోడ గురించి కూడా చెప్పాడు. పొద్దున్నే జరిగే టూల్‌బాక్స్ టాక్‌ను మనం సంతకాల కార్యక్రమంగా చేసేస్తాం, అదీ హెల్పర్లకు రాని భాషలో. సహోదరులారా, అది మీ పిట్టగోడ. పది నిమిషాలు వాళ్ళకు తెలిసిన హిందీలోనో, తెలుగులోనో, సైగలతోనో అర్థమయ్యేలా చెప్పండి.

ఇక్కడ ఒక మాట వస్తుందని నాకు తెలుసు. ‘పాస్టర్ గారూ, మీరు చెప్పేది బాగానే ఉంది, పైనుండి మామీద ఎంత ఒత్తిడి ఉందో మీకు తెలీదు. షట్‌డౌన్ రోజుల్లో ఒక్క గంట ఆలస్యమైతే మమ్మల్ని ఏం అంటారో మీరు వినలేదు.’ బైబిల్ విన్నది. నిర్గమకాండము 5లో ఫరో గడ్డి ఇవ్వడం ఆపేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గించవద్దన్నాడు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ఎవరు? పద్నాలుగవ వచనం చెప్తుంది: ఇశ్రాయేలీయుల మీద పెట్టిన ఇశ్రాయేలీయ నాయకులు. వాళ్ళే ఆనాటి చార్జ్‌హ్యాండ్లు. మీ వీపు మీద పడే దెబ్బ దేవుని గ్రంథంలో రాసి ఉంది.

వాళ్ళు ఏం చేశారు? ఆ దెబ్బను కిందివాళ్ళకు దాటించారని రాయలేదు. ఫరో దగ్గరకు వెళ్ళి, గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చేయమంటే ఎలా అని అడిగారు. ఫరో వినలేదు, అది నిజమే. పైగా వాళ్ళు బయటికొచ్చి మోషే మీద కోప్పడ్డారు. వాళ్ళు పరిపూర్ణులేమీ కాదు. కాని దెబ్బ తమ దగ్గర ఆగింది, మాట పైకి వెళ్ళింది. మన పని స్థలాల్లో జరిగేది తరచుగా దీనికి తలక్రిందులు. మేనేజర్ ఇంజినీర్‌ను అంటాడు, ఇంజినీర్ సూపర్‌వైజర్‌ను అంటాడు, సూపర్‌వైజర్ ఫోర్‌మన్‌ను, ఫోర్‌మన్ హెల్పర్‌ను. హెల్పర్‌కి కింద ఎవరూ లేరు. రాత్రి ఫోన్‌లో భార్య మీద అరుస్తాడు. అలా దోహా ఆఫీసులో బయల్దేరిన కోపం జగిత్యాలలో ఒక వంటింటికి చేరుతుంది. ఈ గొలుసులో ఏదో ఒకచోట ఒక విశ్వాసి ఉంటే, అది అక్కడ తెగాలి కదా!

పద్నాలుగవ వచనం సంతోషం గురించి. భోజన వేళ బోయజు రూతును దగ్గరకు రమ్మని, రొట్టె తిని పులిసిన ద్రాక్షారసంలో ముంచుకోమన్నాడు. ఆమె కోతవారి పక్కన కూర్చుంది. అతను తన చేత్తో పేలాలు అందించాడు. ఆమె కడుపునిండా తిని, మిగిల్చుకుంది కూడా. యజమాని వేరే గదిలో, కూలీలు చెట్టు కింద అన్న ఏర్పాటు ఆ పూట లేదు. మన సైట్లలో ఏసీ క్యాబిన్ ఒకటి, నీడ షెడ్డు ఒకటి ఉంటాయి. రోజూ అందరూ ఒకచోటే తినాలని నేను చట్టం పెట్టడం లేదు. వారంలో ఒక పూట మీ డబ్బా తీసుకుని ఆ షెడ్డులో కూర్చోండి. ఊరి నుండి వచ్చిన ఆవకాయ సీసా మూత తీయండి. నేపాలీ తమ్ముడు ఒక ముక్క తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అందరూ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. అలాంటి నవ్వు దేవుని వరం. మనిషి తిని తాగి తన కష్టంలో సుఖం అనుభవించడం దేవుడిచ్చిన బహుమానమని ప్రసంగి 3:13లో చదువుతాం.

కాని ఇంకో రకం నవ్వు ఉంది. ఒకడి హిందీ మీద, ఒకడి రంగు మీద, ఒకడి దేశం మీద నవ్వే నవ్వు. టీ బ్రేక్‌లో అది ఎక్కువ. ‘సరదాకి అన్నాం’ అంటారు. సరదా ఎవరికి? పేరు పెట్టి పిలవకుండా ‘ఏయ్ బంగాలీ’ అనడం కూడా అందులో భాగమే. మనలో మనకైతే ఇంకా దారుణం. ఊరేది, ఇంటిపేరేమిటి, ఏ చర్చికి వెళ్ళేవారు అని తిప్పి తిప్పి అడిగి కులం తెలుసుకునే అలవాటు మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది. కాలువ గట్టు మీద కూర్చున్న ఆ బోధకుల మనవలం మనం!

స్త్రీల సంగతి బోయజు వదిలిపెట్టలేదు. ఆమెను ఎవరూ ముట్టవద్దని కుర్రవాళ్ళకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆమెను జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు, వాళ్ళకు చెప్పాడు. ఆస్పత్రుల్లో నర్సులుగా, ఆఫీసుల్లో శుభ్రం చేసేవారుగా ఉన్న మన అక్కచెల్లెళ్ళు పనిచేసే చోట పురుషులకు ఆ మాట ఎవరు చెప్తున్నారు?

ఇంతవరకు సైట్‌లో ఉన్నవారిని అడిగాను. కుటుంబంతో ఉంటున్నవారిని కూడా అడగాలి, ఎందుకంటే మన ఇల్లు కూడా ఒకరి పని స్థలమే. ఇంట్లో పనికి అమ్మాయిని పెట్టుకున్నవారు మన సంఘాల్లో ఉన్నారు. ఇంటి పనివారికోసం ఖతర్ 2017లో చేసిన 15వ నంబరు చట్టం రోజుకు పది గంటలకు మించి పని వద్దంటుంది, వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. నాలుగవ ఆజ్ఞ అంతకంటే చాలా ముందే, నీ దాసుడు, నీ దాసి, నీ ఇంట ఉన్న పరదేశి కూడా విశ్రమించాలని చెప్పింది. మన ఇంట్లో శుక్రవారం కుటుంబమంతా చర్చికి వెళ్తే, తిరిగివచ్చేసరికి వంట సిద్ధంగా ఉండాలని ఆ అమ్మాయిని వదిలి వెళ్తున్నామా? ఆమెకు పిల్లలున్నారు. వాళ్ళతో ఫోన్ మాట్లాడడానికి ఆమెకు ఒక వేళ, ఒక తలుపు ఉన్నాయా? మీ పిల్లలు ఆమెను ఏమని పిలుస్తారు? ఆంటీ అంటారా, పేరు పెట్టి అరుస్తారా? పిల్లలు అది ఎవరిని చూసి నేర్చుకున్నారు?

కింద ఉండి పనిచేసేవారికి ఒక మాట. ఈ వర్తమానాన్ని పట్టుకుని ఎవరైనా మీతో ‘సహించు బ్రదర్, ప్రార్థన చెయ్యి’ అని మాత్రమే అంటే, అది వాక్యం మొత్తం కాదు. జీతం ఎగ్గొట్టినవారి గురించి యాకోబు 5:4 ఎంత గట్టిగా మాట్లాడిందో చదవండి. కోతవారి కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిన పడిందని ఉంది. ఫిలిప్పీలో అన్యాయంగా కొట్టి చెరసాలలో వేసినప్పుడు పౌలు తన రోమా పౌరసత్వం పేరు చెప్పి అధికారులను పిలిపించాడు, అపొస్తలుల కార్యములు 16. ఈ దేశంలో 2021 మార్చి నుండి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు, కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, భోజనం ఇవ్వకపోతే 300 అదనం. జీతం అందకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకోవడం అవిశ్వాసం కాదు. భాష రాని సహోదరుడితో పాటు ఒక చదువుకున్న సహోదరుడు ఆ కార్యాలయానికి వెళ్ళి కూర్చోవడం కూడా పరిచర్యే. మన సంఘాల్లో పాటల బృందం ఉంది, వంట బృందం ఉంది. దీనికి కూడా ఇద్దరు ముగ్గురు ఉండాలని నా కోరిక.

పదహారవ వచనం నాకు చాలా ఇష్టం. రూతు కోసం పనల్లోంచి కావాలని పిడికిళ్ళు జారవిడవమని, ఆమెను గద్దించవద్దని బోయజు తన పనివారికి చెప్పాడు. చేతికి ఇచ్చి ఫోటో దిగవచ్చు కదా? ఇవ్వలేదు. ఏరుకున్నది తన కష్టమే అనుకుని ఆమె తల ఎత్తుకుని ఇంటికి వెళ్ళాలి. సాయం చేసిన సంగతి ఆమెకు తెలియకుండా సాయం చేశారు. కొత్తగా వచ్చిన వెల్డర్ మొదటి జాయింటు తప్పితే అందరిముందూ చూపించకుండా పక్కకు తీసుకెళ్ళి చెయ్యి పట్టి చూపించేవారు, మొదటి జీతం రాకముందే ఇంటికి ఫోన్ చేసుకోమని రీచార్జి చేయించి ఊరుకునేవారు, ఎవరి నాన్న పోయాడో తెలుసుకుని ఆ వారం అతని డ్యూటీ తేలిక చేసేవారు, ఇలాంటివాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళు సాక్ష్యం చెప్పడానికి ముందుకు రారు. రాకపోవడమే మంచిదేమో.

ఆ సాయంత్రం రూతు ఏరుకున్నది దుళ్ళగొట్టింది. దాదాపు తూమెడు యవలు వచ్చాయి. ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం మిగిల్చుకున్న పేలాలు కూడా అత్తకు ఇచ్చింది. అప్పుడు నయోమి అడిగిన ప్రశ్న పందొమ్మిదవ వచనంలో ఉంది. ఈరోజు ఎక్కడ ఏరుకున్నావు, ఎక్కడ పనిచేశావు అని. ఆ ప్రశ్న మీకు తెలుసు. రాత్రి ఎనిమిదింటికి క్యాంపు గదుల్లో, పై మంచం మీద, కింది మంచం మీద, మెట్ల మీద, ఫోన్లలో ఆ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. ‘తిన్నావా? ఈరోజు పని ఎలా జరిగింది? మీ ఫోర్‌మన్ ఎలాంటివాడు?’ నయోమికి ఇంకా బోయజు పేరు తెలియదు. కోడలి ముఖం చూసి, ఆ గింజలు చూసి, నిన్ను లక్ష్యపెట్టినవాడు ఎవడో గాని దీవెన పొందాలని పేరు అడగకముందే దీవించింది. మీ కింద పనిచేసే నేపాలీ తమ్ముడి తల్లి, బీహారీ తమ్ముడి భార్య, సిరిసిల్ల తమ్ముడి అక్క మీ పేరు ఎప్పుడూ వినకపోవచ్చు. వాళ్ళు ఇవాళ రాత్రి అదే ప్రశ్న అడుగుతారు.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, దుఖాన్‌లో ఈ రాత్రి డ్యూటీలో ఉన్నవారిని కాపాడుము. బావుల దగ్గర, పైపులైన్ల దగ్గర, వంటశాలల్లో, ఆస్పత్రి వార్డుల్లో, ఇతరుల ఇళ్ళలో ఉన్న మా వారిని జ్ఞాపకం చేసుకొనుము. పదిమంది మీద పెత్తనం ఇచ్చినవారికి చూసే కళ్ళు ఇమ్ము. శనివారం పొద్దున బస్సు ఎక్కేటప్పుడు మా నోటికి కావలి ఉంచుము. రాని జీతం కోసం ఎదురుచూస్తున్నవారికి న్యాయము జరిగించుము. ఊళ్ళో ఫోన్ కోసం కాచుకుని ఉన్నవారికి నెమ్మది ఇమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.